పల్నాట నడిమి యింటి రాబడి

“మీ యింటి రాబడి యెంత?” అని అడిగినచో పల్నాటి గృహస్థునొద్ద ఒకటి కాదు, రెండు మూడు సమాధానములు సిద్ధముగా నుండును. ఆదాయ ధ్రువపత్రమునకై తహశీల్దారు కచేరీలో అర్జీ పెట్టునపుడు వ్రాయించు సంఖ్య యొకటి; పంట ఋణము పెంచుడని బ్యాంకువారిని బతిమాలునపుడు చెప్పునది మరియొకటి; పిల్లను చూచుకొనుటకు వచ్చిన వియ్యాలవారి యెదుట, ఎవరును అడుగకున్నను, మాటల సందున జారవిడుచునది వేరొకటి. దీనిని అబద్ధమని తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. గ్రామములలో నెలకు పదివేల రూపాయలకు మించని ఆదాయము గల కుటుంబములకే బియ్యపు కార్డునకు అర్హత యని 2019లో రాష్ట్ర ప్రభుత్వము నియమము చేసినది. అట్టి గీత యొకటి గీయబడి యున్నదని తెలిసిన పిమ్మట, దానిని దాటి తన ఆదాయమును తానే చాటుకొను అమాయకుడు ఏ యూర నుండును?

ఇట్లు ఒక్క యింటి విషయముననే నిజము దాగుడుమూత లాడుచుండగా, నరసరావుపేట మొదలు మాచర్ల వరకు, వినుకొండ మొదలు కృష్ణ యొడ్డువరకు వ్యాపించి, 2011 జనగణన లెక్కను బట్టి ఇరువది లక్షలకు పైగా జనము గల జిల్లాలో సామాన్య కుటుంబము ఎంత గడించుచున్నది, ఆ గడన ఇరువది యేండ్లలో నిజముగా పెరిగినదా, పెరిగినచో ఎంత, అను ప్రశ్నకు సమాధానము చెప్పుట యెట్లు? ఆదాయమును తూచుటకు త్రాసు లేదు, అంచనా వేయవలసినదే. ఆ అంచనా వేయు పద్ధతిని, దానిలోని గోతులను సామాన్య పాఠకుడు తెలిసికొనుట మంచిది. ఏలయనగా పథకములు, కోటాలు, ప్రాజెక్టులు, రాజకీయ వాగ్దానములు సర్వమును ఈ అంకెల మీదనే నిలిచి యున్నవి.

ముందుగా సామాన్య కుటుంబమనగా నెవ్వరో తేల్చుకొందము. గురజాల చేరువ నొక వీధిలో తొమ్మిది యిండ్లున్నవనుకొందము. వాటి నెల రాబడి వేలలో వరుసగా ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు, పదునాలుగు, ఇరువది. చివరి యిల్లు మాత్రము సున్నపు బట్టీలును లారీలును గల ఆసామిది, అతని రాబడి రెండు లక్షలు. అన్నిటిని కూడి తొమ్మిదిచే భాగించినచో సగటు ముప్పదియొక్క వేలు దాటును. ఆ వీధిలో ఆ సగటునకు చేరువలో నున్న యిల్లు ఒక్కటియు లేదు. ఎనిమిదిండ్లు దాని క్రిందను, ఒక్క యిల్లు దాని మీదను ఉన్నవి. అట్లుగాక ఇండ్లను రాబడి వరుసను నిలిపి సరిగ్గా నడుమ నున్న అయిదవ యింటిని చూచినచో తొమ్మిది వేలు కనబడును. దీనినే గణాంక శాస్త్రజ్ఞులు మధ్యగతమందురు. మరుసటి యేడు ఆసామి రాబడి నాలుగు లక్షలైనచో సగటు ఏబది మూడువేలకు ఎగబ్రాకును, వీధి యంతయు సంపన్నమైనదని పత్రికలలో పడును. నడిమి యింటి తొమ్మిది వేలు మాత్రము తొమ్మిది వేలుగనే యుండును.

రాష్ట్ర అర్థ గణాంక శాఖవారు జిల్లాల వారీగా తలసరి ఆదాయమును ప్రకటించుచున్నారు. అది జిల్లాలో ఉత్పత్తియైన సంపద విలువను జనసంఖ్యచే భాగించి తెచ్చిన సగటు. పల్నాటి నేలలో సున్నపురాయి పుష్కలము, మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము 1958లో వెలసినది. పిడుగురాళ్ళ సున్నమునకు దేశమంతట పేరున్నది. కర్మాగారములో పుట్టిన విలువ యావత్తు జిల్లా ఖాతాలో పడును గాని, దాని లాభము జిల్లాలోని యిండ్లకే చేరవలెనను నియమమేమియు లేదు. వాటాదారు చెన్నపట్టణమున నుండవచ్చును, భాగ్యనగరమున నుండవచ్చును. కావున తలసరి ఆదాయము పెరిగినదన్న వార్తను చదివి బొల్లాపల్లి మండలములోని తండావాసి తన పళ్ళెము వంక చూచుకొని ఆశ్చర్యపడినచో అందు అతని దోషమేమియు లేదు. ఈ యంతరము ఊహామాత్రము కాదు. జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధనా మండలియు, అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయమును కలిసి 2004-05లో నలుబదియొక్క వేలకు పైగా కుటుంబములను విచారించి చేసిన మానవాభివృద్ధి సర్వేలో భారతదేశపు సగటు కుటుంబాదాయము ఏటికి రూ.47,804 కాగా, మధ్యగత కుటుంబాదాయము రూ.27,857 మాత్రమే యని తేలినది.

మధ్యగతమే కావలెనని నిశ్చయించుకొన్నను, ఇంటింటి ఆదాయమును లెక్కగట్టుట ఎంతటి చిక్కో తెలియుటకు ఒక కౌలురైతు మిరప చేనిలోనికి పోవుదము. ఆగస్టులో నారు పోసి, సెప్టెంబరులో నాటి, సంక్రాంతి మొదలు ఉగాది దాటువరకు విడతలు విడతలుగా కాయ కోయించి, కల్లములో ఎండబెట్టి, తాలు వేరుచేసి, టిక్కీలకు (గోనె బస్తాలకు) ఎత్తి గుంటూరు యార్డునకు తోలుట పల్నాటి మెట్టలో ప్రతి రైతునకు తెలిసిన పని. ఎకరమునకు ఇరువది క్వింటాళ్ళు పండినదనియు, కౌలు, నారు, ఎరువులు, మందులు, కోత కూలి, కిరాయి అన్నియు కలిసి రెండున్నర లక్షలు అయినదనియు అనుకొందము. 2023లో మేలురకపు కాయ క్వింటాలు ఇరువది వేలు దాటి పలికినది. ఆ ధరకు అమ్మినవానికి ఖర్చులు పోను లక్షన్నర మిగులును. 2025 ఆరంభమున ధర కూలిపోగా కేంద్ర ప్రభుత్వము జోక్యము చేసికొని క్వింటాలునకు రూ.11,781 నిర్ణయించినది, ఆ లెక్కను అదే ఎకరము, అదే పంట, అదే శ్రమ రూ.2,35,620 తెచ్చి, రైతునకు రూ.14,380 నష్టము మిగుల్చును. అనగా ఆ యింటి సేద్యపు ఆదాయము సున్నకు దిగువ నుండునన్నమాట! ఇక 2021-22లో నల్ల తామరపురుగు పడి తోటలు మాడిపోయిన సంవత్సరమును గాని, 1987-88లో తెల్లదోమ పత్తిని కబళింపగా గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతులు ప్రాణములు తీసికొన్న సంవత్సరమును గాని ప్రమాణముగా తీసికొన్నచో, అంచనా ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతటితో చిక్కు తీరలేదు. ధర రానందున రైతు టిక్కీలను శీతల గిడ్డంగిలో పెట్టి మరుసటి యేడు అమ్మినచో ఆ రాబడి ఏ సంవత్సరపుది? భార్యాభర్తలు ఇరువురును చేనిలో చేసిన పనికి కూలి కట్టి ఖర్చులో వేయవలెనా, వలదా? పాడిగేదె పాలలో కేంద్రమునకు పోసినవి పోను పిల్లలు త్రాగినవాటికి విలువ కట్టవలెనా? డ్వాక్రా సంఘము ద్వారా వచ్చిన ఋణమును గృహిణి రాబడిగా చెప్పును. అది అప్పేగాని ఆదాయము కాదు. ముసలి తల్లికి నెలనెల వచ్చు పింఛను, 2024లో నాలుగు వేలకు పెరిగినది, ఆదాయమే యైనను ఎవరును జ్ఞాపకము పెట్టుకొని చెప్పరు. హైదరాబాదులో ఉద్యోగము చేయు కుమారుడు ఈ యింటివాడా, వేరింటివాడా? అతడు పంపు డబ్బు మాట సరే, అతనికి ఇంటినుండి పోవు బియ్యము, పచ్చళ్ళ మాట యేమి? వీటిలో ఒక్కొక్కదానికి సర్వే చేయువారు ఒక్కొక్క నియమము పెట్టుకొందురు. నియమము మారినపుడెల్ల ఆదాయము కూడ మారును.

కోతల కాలమున కర్నూలు పడమటి గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములే పిల్లాపాపలతో వచ్చి పల్నాటి చేలలో గుడిసెలు వేసికొని నెలల తరబడి కాయలు కోయుదురు. ఫిబ్రవరిలో విచారణకు వచ్చిన ఉద్యోగికి వారు చేలగట్ల మీద కనబడుదురు. జూలైలో వచ్చినవానికి కనబడరు. వారి కూలి పల్నాటి రైతునకు ఖర్చు, కర్నూలు పడమటి కోసిగి గడపకు ఆదాయము. ఏ నెలలో ఏ గడప ముందు నిలువబడి అడిగినారన్నది కూడ అంకెలో భాగమే.

పరాయివాడు వచ్చి పల్నాటి బ్రతుకును కొలుచుట క్రొత్తగాదు. ఇచ్చటి జొన్నకూటిని, నీటి యెద్దడిని శ్రీనాథుడు ఎగతాళి పట్టించినట్లు చాటువులు ప్రసిద్ధములు; ఐనను అది విందునకు అలవాటుపడిన అతిథి తీర్పేగాని గృహస్థుని పద్దు కాదు. ఆంగ్ల ప్రభుత్వమునకు పద్దు కావలసినది పన్ను కొరకు. అడవిలో మేసిన పశువునకు ఇంతయని పుల్లరి విధించి, ఇంటి స్తోమతను పశువుల తలలను బట్టి నిర్ణయించిరి. దానిని ధిక్కరించిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలియైనాడు. ప్రభుత్వోద్యోగి పుస్తకము పట్టుకొని వచ్చి ఎన్ని గేదెలున్నవని అడుగగానే పల్నాటి ముసలివాడు సంశయముతో చూచుట వెనుక ఇంత చరిత్ర యున్నది.

స్వాతంత్ర్యానంతరము అడుగుటకు కారణములు మారినవి. 1949లో మహలనోబిస్ అధ్యక్షతను జాతీయాదాయ సంఘము ఏర్పడినది. మరుసటి యేడే జాతీయ నమూనా సర్వే ఆరంభమైనది. ఆ సర్వేవారు 1964-65లోను, 1969-70లోను కుటుంబాదాయమును నేరుగా అడిగి చూచిరి. జనులు చెప్పిన ఆదాయము, వారు చెప్పిన ఖర్చును పొదుపును కలిపినదానికంటె తక్కువగా నుండుటచే ఆ ప్రయత్నమును మానుకొని, ఖర్చు లెక్కతోనే తృప్తిపడిరి. ఖర్చును దాచుటకు మనుష్యునకు అంత కారణముండదు గదా! ఇప్పటికిని ఈ వైపరీత్యము మాయలేదు. 2022-23 నాటి వినియోగ వ్యయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణుని సగటు నెలసరి ఖర్చు రూ.4,870; నలుగురున్న యింటికి అది రూ.19,480 అగును. ఆదాయమును అడిగిన సర్వేల అంకెలు, నడుమ గడచిన యేండ్లకు ధరలు సవరించి చూచినను, దీనికి ఆమడ దూరముననే యున్నవి.

రైతు కుటుంబముల వరకు మాత్రము 2003, 2013, 2019 సంవత్సరములలో నమూనా సర్వేవారు మూడు విడతలుగా స్థితిగతుల విచారణ జరిపిరి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు కుటుంబపు సగటు నెలసరి ఆదాయము మొదటి విడతలో రూ.1,634, రెండవదానిలో రూ.5,979, మూడవదానిలో రూ.10,480. పదునారేండ్లలో ఆరు రెట్లకు పైగా పెరిగినదని ఉపన్యాసములలో చెప్పుటకు ఇంతకంటె సొంపైన వరుస దొరకదు. అయితే ఒక్కొక్క అంకె వెనుకకు పోయి చూడుడు. మొదటి విచారణ లెక్కించిన వ్యవసాయ సంవత్సరము 2002 జూలై నుండి 2003 జూన్ వరకు. 2002 దేశమంతట కరవు పడిన యేడు. గోతిలో నిలిచినవాని ఎత్తును కొలిచి, గట్టెక్కిన పిమ్మట మరల కొలిచి, ఇంత పెరిగినాడనుట యెట్టిదో ఇదియు నట్టిదే. అదియుగాక, నాటి ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణము కలిసి యున్నది. తరువాతి రెండు అంకెలు విడిపోయిన రాష్ట్రమునకు చెందినవి. మొదటి విడతలో భూమి యుండుట రైతునకు లక్షణము. రెండవదానిలో భూమితో నిమిత్తము లేక ఏటికి మూడువేలకు మించిన పంటో పాడియో ఉన్నచో చాలును. మూడవదానిలో అది నాలుగువేలు. పోల్చినది ఒకే మనుష్యుని కాదు, ఒకే రాష్ట్రమును కాదు, ఒకే రూపాయిని అసలే కాదు.

ఇంకొక లోపము నా దృష్టిలో వీటన్నిటికంటె పెద్దది. రైతు కుటుంబముల లెక్కలో భూమియు పశువును లేని కూలి కుటుంబము చేరదు. పత్తి తీతలకు, మిరప కోతలకు, బట్టీ పనులకు పోయి బ్రతుకు ఇండ్లను వదలివేసి పల్నాటి నడిమి యింటిని వెదకిన, అది నడిమి యిల్లు కానేకాదు, పై మెట్టున నున్నది. ఇక రైతు యిల్లనబడునది సైతము ఎంత మారినదో చూడుడు: దేశమంతట రైతు కుటుంబపు నెల రాబడిలో 2012-13లో పంట వలన వచ్చినది రూ.3,081, కూలి జీతముల వలన రూ.2,071, 2018-19 నాటికి పంట రూ.3,798 కాగా కూలి జీతములు రూ.4,063. పేరునకు రైతు, పొట్టకు కూలి. అదే విడతలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబములలో నూటికి తొంబదిమూడు అప్పులలో నున్నవనియు, సగటు అప్పు రూ.2,45,554 అనియు, దేశములో ఇదియే అత్యధికమనియు తేలినది. ఆదాయమును మాత్రము చూపి అప్పును చూపని పట్టిక సగము నిజము.

రెండు సంస్థలు అడిగినచో రెండు ఉత్తరములు వచ్చుననుటకును నిదర్శనము కలదు. నాబార్డు వారు 2016-17లో చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాదాయము నెలకు రూ.6,920, రెండేండ్లకే నమూనా సర్వేలో అది రూ.10,480. నాబార్డు వారి గ్రామీణమున ఏబదివేల జనాభాకు లోబడిన చిన్న పట్టణములు కూడ చేరినవి; రైతను మాటకు వారి కొలమానము వేరు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి రెండేండ్లలో ఆదాయము సగము పెరిగినదనువాడు గణితమునకు అపకారము చేసినవాడగును.

నిజమునకు దగ్గరగా పోవువారు గ్రామములోనే కాపురము పెట్టిన పరిశోధకులు. హైదరాబాదు చెంత నున్న ఇక్రిశాట్ సంస్థ 1975 నుండి నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామములలో ఒక్కొక్కదానిలో నలుబది కుటుంబములను ఎన్నుకొని, పరిశోధకుని ఊరిలోనే నివసింపజేసి, కొన్ని వారముల కొకసారి పద్దు వ్రాయించినది. తరువాతి దశలో నాటి ప్రకాశం జిల్లా పమిడిపాడు కూడ ఆ వరుసలో చేరినది. గుంటూరు డెల్టాలోని అనంతవరమును పుచ్చలపల్లి సుందరయ్య 1974లో విచారింపగా, ముప్పదియేండ్ల పిమ్మట వ్యవసాయ పరిశోధకులు అదే యూరికి మరల పోయి ఇంటింటి లెక్క తీసిరి. ఇట్టి లెక్కలలో నిన్నటి కూలి, మొన్నటి గడ్డి ఖరీదు జ్ఞాపకమున్నప్పుడే నమోదగును. ఏడాదికొకసారి వచ్చి ఏడాది లెక్క అడుగువాని పుస్తకములో అది యెక్కదు. అయితే ఒక్క గ్రామము జిల్లా కాదు. డెల్టా గ్రామము పల్నాడు అసలే కాదు.

పల్నాడను జిల్లాయే 2022 ఏప్రిల్ 4న పుట్టినది. అంతకు పూర్వము ఇది గుంటూరు జిల్లాలో భాగము. ఆ గుంటూరు జిల్లా 1859లో కృష్ణా జిల్లాలో లీనమై 1904లో మరల విడివడినది. 1970లో ఒంగోలు ప్రాంతమును ప్రకాశం జిల్లాకిచ్చి చిక్కినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. కావున 2001 నాటి గుంటూరు జిల్లా అంకెను, నేటి పల్నాటి అంకెను ఒకే గీత మీద నిలుపుటకు వీలులేదు. మొదటిదానిలో తెనాలి, బాపట్ల మాగాణులున్నవి, రెండవదానిలో దుర్గి, వెల్దుర్తి మెట్టలున్నవి. అట్లు గీచినచో జిల్లా విభజనమే పేదరికమువలె కనబడును. దీనికి మందు ఒక్కటే: నేడు పల్నాటిలో నున్న ఇరువదియెనిమిది మండలములను ఏర్చి, వాటి గ్రామముల పాత లెక్కలను వెనుకకు త్రవ్వి కూర్చుట. జిల్లా గీతలు మారినను గ్రామములు కదలలేదు. ఆ పని చేసినపుడే 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన నాటినుండి కుడికాలువ క్రింది యిండ్లకును, కాలువ అందని మాచర్ల మెట్టలకును నడుమ పెరిగిన దూరము కంటికి కనబడును. వరికపూడిశెల ఎత్తిపోతల కొరకు తరములుగా ఎదురుచూచుచున్న వెల్దుర్తివాడు జిల్లా మధ్యగతములో కూడ మరుగుపడును. అందుచే మండలమధ్యగతము నాకు జిల్లామధ్యగతము కంటె విలువైనదిగా తోచును.

గ్రామము వరకు దిగిన లెక్క ఒకటి కలదు: 2011 నాటి సామాజికార్థిక కులగణన. అందు ఇంటిలో అధికముగా సంపాదించువాని నెల ఆదాయము ఐదువేల లోపా, ఐదు పదివేల నడుమనా, పదివేలకు మించినదా యని మాత్రమే అడిగిరి. దేశములో గ్రామీణ కుటుంబములలో నూటికి డెబ్బదినాలుగు మొదటి అరలోనే పడినవి. ఇట్టి అరలనుండి మధ్యగతము తీయుట యెట్లనగా: ఒక గ్రామమున నూరిండ్లలో అరువది ఐదువేల లోపున్నవనుకొనుడు. ఏబదవ యిల్లు ఆ అరువదిలోనే యుండును; ఆ అరువదియిండ్లు సున్న మొదలు ఐదువేల వరకు సమముగా పరచుకొన్నవని భావించినచో, ఐదువేలలో అరువదింట ఏబది వంతులు, అనగా సుమారు రూ.4,167 నడిమి యింటిదగును. లెక్క సులభము; “సమముగా పరచుకొన్నవి” అనుమాట యందే మోసమున్నది. మూడు నాలుగు వేల చెంతనే ఇండ్లు గుంపుగూడియున్నచో సమాధానము మారును. పైగా ఇది ఒక్క సంపాదకుని ఆదాయమేగాని, కోతకు పోవు ఇల్లాలి కూలి ఇందులో లేదు.

సర్వేకు మనుష్యులు చాలరు, గణనకు ప్రశ్నలు చాలవు. ఈ రెంటిని కలిపి నేయు విద్యను చిన్న ప్రాంతముల అంచనా యందురు. 2019 విచారణలో దేశమంతటికి 5,940 గ్రామములు మాత్రమే చేరినవి; జిల్లాకు ఎనిమిదో తొమ్మిదో. అంత చిన్న నమూనాలో ఇద్దరు ముగ్గురు మోతుబరులు తగిలినచో జిల్లా ఉబ్బిపోవును, తగులకున్నచో ఎండిపోవును. అమెరికాలో వేయిమంది లోపు జనమున్న ఊళ్ళకు ఆదాయము అంచనా వేయవలసివచ్చి, రాబర్ట్ ఫే, రోజర్ హెరియట్ అనువారు 1979లో ఒక మార్గము చూపిరి. సంబంధము విచారింపబోయిన పెద్దమనిషి ఆ యూర ఒక్క పూటయే నిలిచినచో తాను కన్నదానిని కొంతయే నమ్మి, ఆ ప్రాంతపు నేల, నీరు, వంశముల తీరు ఎరిగిన నలుగురి మాటపై ఎక్కువ మొగ్గును. నాలుగు దినములు నిలిచినచో తన కన్నులనే ఎక్కువ నమ్మును. ఫే, హెరియట్ల సూత్రమును ఇట్టిదే: నమూనా పెద్దదైన చోట సర్వే చెప్పినదానికి, చిన్నదైన చోట ఇతర లక్షణములను బట్టి కట్టిన ఊహకు ఎక్కువ బరువు నిచ్చును. ఈ శాస్త్రమునకు ప్రామాణిక గ్రంథము 2003లో వెలువడినది. దాని కర్త కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయాచార్యుడు జొన్నగడ్డ నళినీకాంతరావు, ఏలూరున పుట్టిన తెలుగువాడు. అమెరికా జనగణన శాఖ ఈ మార్గముననే ప్రతి కౌంటీకి ఏటేట మధ్యగత కుటుంబాదాయమును ప్రకటించుచున్నది. మనకు జిల్లాల వారీగా అట్టి పట్టిక యొక్కటియు లేదు. ఏలూరివాని విద్య అయోవా పల్లెలకు అక్కరకు వచ్చినది గాని మాచర్లకు ఇంకను రాలేదు.

అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకొనుటకు మాత్రము వీలులేదు. అచ్చట ఆదాయపు పన్ను రిటర్నులు ఊహకు ఊతము. ఇచ్చట వ్యవసాయాదాయమునకు పన్నే లేదు. దానికి బదులుగా మన చేతిలో నున్నవి వేరు: మండలములో కాలువనీరు అందిన ఎకరములెన్ని, ఇ-క్రాప్‌లో నమోదైన మిరప యెంత, పత్తి యెంత, ఇంటికి కాలిన విద్యుత్తు యూనిట్లెన్ని, శ్లాబు ఇండ్లెన్ని, ఉపాధి హామీ పనికి పోయిన కుటుంబములెన్ని. వీటిలో ఏదియు ఆదాయము కాదు. అన్నియు కలిసి ఆదాయము నీడలు. ఇట్లు తేల్చిన సంఖ్యకు ఇరుప్రక్కల ఎంత మేరకు పొరపాటుండవచ్చునో తెలుపు హద్దులను కూడ ముద్రింపవలెను. పదివేలు అని ఘంటాపథముగా చెప్పుటకంటె, ఎనిమిదిన్నర మొదలు పదకొండున్నర వేల నడుమ అని చెప్పుట యోగ్యము.

కాలక్రమములో పోల్చునపుడు రూపాయి విలువను సవరించుట అందరును ఒప్పుకొనుదురు. గుంటూరు జిల్లాలో ఉపాధి హామీ మొదలైన 2007 నాటి దినకూలి ఎనుబది రూపాయలు. 2025-26లో రాష్ట్రపు రేటు రూ.307. దాదాపు నాలుగు రెట్లయినది నిజమే గాని, బియ్యము, నూనె, మందుబిళ్ళలు, పిల్లల ఫీజులు ఎన్ని రెట్లైనవో చూడవలదా? వ్యవసాయ కూలీల ధరల సూచికచే భాగించుట అందులకే. అంతకంటె సూక్ష్మమైనది, అందరును మరచునది, కుటుంబ పరిమాణము. అన్నదమ్ములిద్దరు కలిసి యున్నప్పుడు ఇరువదివేల రాబడి గల ఒక్క యిల్లు, వేరుపడిన నాడు పదివేల చొప్పున రెండిండ్లగును. ఎవ్వరును పైసా పోగొట్టుకొనలేదు, ఐనను లెక్కలో నడిమి యిల్లు చితికినట్లు కనబడును. బియ్యపు కార్డు కొరకు కాగితముమీద మాత్రము వేరుపడి, పొయ్యి ఒక్కటిగనే యున్న ఇండ్లును పల్నాటిలో కొల్లలు! అందుచే కుటుంబాదాయమును మనుష్యుల సంఖ్యను బట్టి సరిచేసి చూపని వరుసను నేను నమ్మను.

పరిస్థితి మారు సూచనలు కొన్ని కలవు. 2025 జనవరి నుండి కేంద్ర గణాంక శాఖవారు తమ నమూనాలకు జిల్లాను మూలాంగముగా గైకొన్నారు. దేశవ్యాప్తముగా కుటుంబాదాయమును నేరుగా అడుగు సర్వేను సుర్జీత్ భల్లా అధ్యక్షతను గల నిపుణ సంఘపు సలహాతో 2026 ఫిబ్రవరి నుండి జరుపుటకు నిశ్చయించినారు. రాష్ట్ర అర్థ గణాంక శాఖవారు ఆ సర్వేకు రాష్ట్రము తరఫున అదనపు గ్రామములను చేర్పించి, తలసరి సగటు ప్రక్కనే మండలముల వారీ మధ్యగతమును, దాని హద్దులతో సహా, ఏటేట ప్రకటింపవలెను. ఇరువదియెనిమిది మండలముల జిల్లాకు ఇది అలవిగాని పని కాదు.

పాఠకులకు ఒక మనవి. గణాంక సేకరణ చట్టము, 2008 ననుసరించి సర్వేకు చెప్పిన యింటి వివరములు గోప్యములు. కావున సర్వే ఉద్యోగి మీ అరుగుమీద కూర్చుండి పుస్తకము విప్పినపుడు, తహశీల్దారు కచేరీకి చెప్పు సంఖ్యను ప్రక్కన బెట్టి, కమిషను వ్యాపారి యిచ్చిన పట్టీలను, కౌలు కాగితమును, ఇల్లాలి కోత కూలిని, అమ్మ పింఛనును, అప్పు పత్రములను ముందు పెట్టుకొని, వచ్చినది వచ్చినట్లు, పోయినది పోయినట్లు చెప్పుడు.